ఇంటి బేరంలో వర్తకులు చేస్తున్న పొరపాట్లు

మిరప, పసుపు సీజన్లు ముగిసి బాకీలు వసూలయ్యే వేళకు వర్తక కేంద్రాలలో ఇళ్ల బేరాలు ఊపందుకోవడం మామూలే. గుంటూరు యార్డులో టిక్కీ అడుగుదాకా చెయ్యి పెట్టి కాయ తీసి, తేమ చూసి, తాలు ఎంతో లెక్కగట్టి గాని ధర చెప్పని వర్తకుడు, తన జన్మలో చేసే అన్నిటికంటె పెద్ద కొనుగోలును మాత్రం ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గదులు తిరిగి చూసి, మధ్యవర్తి మాట మీద బజానా ఇచ్చి ఖాయం చేసుకొంటున్నాడు. సరుకు లాటులో తేడా వస్తే క్వింటాలుకు కొంత పోతుంది. ఇంటి బేరంలో తేడా వస్తే అసలే చిక్కుకొంటుంది. కోర్టులో ఏళ్లు గడుస్తాయి. ఆ డబ్బు మళ్లీ వ్యాపారంలోకి రాదు.

గోడలు, గచ్చు, నీటి వసతి, వాస్తు అందరూ చూస్తారు. వాటిలో లోపం ఉంటే ఖర్చుతో సరిచేసుకోవచ్చు. కొంప ముంచేవి కాగితాలు. అందులోను అమ్మేవాడు కూడా వర్తకుడే అయితే, చూడవలసిన కాగితాలు మామూలు ఉద్యోగి ఇంటికి చూసేవాటికంటె ఎక్కువ.

అసలు దస్తావేజు ఎక్కడ ఉంది?

కోల్డు స్టోరేజిలోని సరుకుకు బాండు ఎటువంటిదో, ఇంటికి అసలు దస్తావేజు అటువంటిది. బాండు బ్యాంకులో కుదువ ఉంటే సరుకు కళ్లెదుట కనిపిస్తున్నా గేటు దాటదు. ఈ సంగతి యార్డులో కొత్తగా చేరిన గుమాస్తాకు కూడా తెలుసు. ఇంటి విషయానికి వచ్చేసరికి ఇదే సూత్రం మరచిపోతున్నారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన పట్టణాలలో, అప్పు తీసుకొనేవాడు తన హక్కు పత్రాలను హామీగా అప్పిచ్చేవాని వద్ద ఉంచితే చాలు, తనఖా ఏర్పడినట్లే. దానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి కాదు. వర్తకుల క్యాష్ క్రెడిట్ ఖాతాలకు ఇంటి పత్రాలను పూచీగా ఉంచేది ఎక్కువగా ఈ పద్ధతిలోనే. పత్రాలు ఉంచినట్లు మెమోరాండం రాసి రిజిస్టరు చేయిస్తే అది సబ్ రిజిస్ట్రారు రికార్డులోకి ఎక్కుతుంది. చేయించకపోతే ఎక్కదు. రికార్డులో భారమేమీ లేదని ధృవపత్రం వస్తుంది. పత్రాలు మాత్రం బ్యాంకు బీరువాలో ఉంటాయి.

"ఒరిజినల్ లాకరులో ఉంది, రిజిస్ట్రేషను నాటికి తెస్తాను" అనే మాట విన్నప్పుడు బేరం అక్కడే ఆపవలెను. సర్టిఫైడ్ నకలు రుసుము కడితే ఎవరికైనా వస్తుంది గనుక అది చేతిలో ఉండటం ఏమీ రుజువు చేయదు. అసలు పోయిందని చెబితే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన ఉండవలసిందే గాని, వాటితోనే సరిపెట్టుకోరాదు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తీసుకొన్న తనఖాలను నమోదు చేసేందుకు సర్ఫేసీ చట్టం కింద 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఏర్పడింది. స్వల్ప రుసుముతో అందులో ఎవరైనా వెతకవచ్చు. పట్టణంలోని వడ్డీ వ్యాపారి దగ్గర పత్రాలు పెట్టి తెచ్చిన అప్పు అందులో దొరుకుతుందని ఆశించరాదు. అందుకని, ఆస్తి చేతులు మారిన ప్రతిసారీ రాసుకొన్న లింకు దస్తావేజులతో సహా అసలు కాగితాలు అన్నీ ఎదురుగా పెట్టుకొని చూడటానికి ప్రత్యామ్నాయం లేదు.

తనఖాలో ఉన్న ఇల్లు కొనరాదని కాదు. అటువంటి ఇళ్లు బాహాటంగా అమ్ముడు పోతున్నాయి. అమ్మకందారు చేతికి డబ్బు ఇచ్చి "మీరు బ్యాంకుకు కట్టేయండి" అనడం పొరపాటు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకొని, ఆ మేరకు నేరుగా అప్పు ఖాతాకే చెల్లించి, పత్రాలు బ్యాంకు కౌంటరులోనే అందుకోవడం పద్ధతి. ఆ లేఖలో మరొక మాట కూడా రాయించుకోవలెను. అవే పత్రాలు అమ్మకందారు బావమరిది ఫర్ముకో, భాగస్వామి ఖాతాకో కూడా హామీగా ఉండి ఉండవచ్చు. ఒక ఖాతా మూసినంత మాత్రాన రెండో ఖాతాకు ఇచ్చిన హామీ రద్దు కాదు. వర్తక కుటుంబాలలో ఒకరికొకరు పూచీ పడటం ఎంత సహజమో తెలిసినవారు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇ.సి. చెప్పేది, చెప్పనిది

ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసుకొంటే పని పూర్తయినట్లు చాలామంది భావిస్తారు. ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల పట్టిక మాత్రమే అది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రిజిస్ట్రేషను శాఖల కంప్యూటరు రికార్డులో 1983 నుంచి ఉన్న వివరాలే వస్తాయి. పాత బజారులో 1950, 60లలో కట్టిన ఇంటికి అంతకు ముందు కాలం కార్యాలయంలోని పాత పుస్తకాలలో వెతికించవలెను. ఇంటి నెంబరు మరొక చిక్కు. మునిసిపాలిటీ నెంబర్లు మార్చిన ప్రతిసారీ కొత్త నెంబరుతో వెతికితే పాత లావాదేవీ కనిపించక పోవచ్చు. పాత ఇంటి నెంబరు, కొత్త నెంబరు, సర్వే నెంబరు, హద్దులు అన్నిటితోను వేర్వేరుగా వెతికించడం మంచిది.

వీలునామాలు మూడవ పుస్తకంలోను, సాధారణ అధికార పత్రాలు నాలుగవ పుస్తకంలోను నమోదవుతాయి. ఇ.సి. మొదటి పుస్తకం నుంచి వస్తుంది. కనుక తండ్రి వీలునామా రాశాడా, జి.పి.ఏ. రద్దయిందా అన్నది ఇ.సి.లో వెతకడం, పసుపు ధారణ కోసం బెల్లం చిట్టా తిరగేయడం వంటిది. కోర్టులో నడుస్తున్న దావా కూడా ఇందులో ఉండదు. దావా నడుస్తుండగా కొన్నవారు దాని తీర్పుకు కట్టుబడవలసిందే. "మాకు తెలియదు" అన్న వాదన నిలవదు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో అమ్మకందారు పేరుతో, అతని తండ్రి పేరుతో, ఫర్ము పేరుతో వెతకడానికి ఒక పూట చాలు.

ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డు భూములు రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. దానిని చూడటం మరొక్క పని. సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేశాడు గనుక అమ్మినవానికి హక్కు ఉన్నట్లే అన్న ధీమా పనికిరాదు. తమిళనాడు రిజిస్ట్రేషను నిబంధన ఒకదానిని 2025 ఏప్రిల్‌లో కొట్టివేస్తూ, అమ్మేవాని హక్కును తేల్చే అధికారం రిజిస్టరు చేసే అధికారికి లేదని సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

చౌకగా వచ్చే ఇల్లు

మార్కెట్టులో దెబ్బతిన్న వర్తకుని ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే ఆ వార్త దళారుల ద్వారా సాయంత్రంలోగా బజారంతా పాకుతుంది. ఉదాహరణకు రు. 80 లక్షలు పలికే ఇల్లు, వారం రోజుల్లో మొత్తం ఇస్తే రు. 60 లక్షలకే అంటారు. అక్కడే ఆలోచించవలసి ఉంది.

ఐ.పి. పెట్టడం వర్తకులకు కొత్త మాట కాదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం 53వ సెక్షను ప్రకారం, ఆస్తి బదిలీ జరిగిన రెండేళ్లలోగా పిటిషను దాఖలై, ఆ వ్యక్తిని దివాలాకోరుగా ప్రకటిస్తే, ఆ బదిలీని రద్దు చేయించే వీలు రిసీవరుకు ఉంటుంది. సద్బుద్ధితో, తగిన ప్రతిఫలం ఇచ్చి కొన్నవానికి రక్షణ ఉంది. అయితే అదే బజారులో వ్యాపారం చేస్తూ, అమ్మేవాని చెక్కులు తిరిగి వస్తున్న సంగతి అందరితోపాటు వింటూ, పావు వంతు తక్కువకు కొన్నవాడు ఆ సద్బుద్ధిని కోర్టులో నిలబెట్టుకోవడం తేలిక కాదు. అప్పులవాళ్లను ఎగవేసే ఉద్దేశంతో చేసిన బదిలీలను సవాలు చేసే హక్కు ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను కింద అప్పులిచ్చినవారికి వేరుగా ఉంది. అటువంటి కేసులలో వాదులుగా ఉండేది సాధారణంగా కొనుగోలుదారు రోజూ నమస్కారం చేసే సాటి కమీషన్ ఏజెంట్లే.

పన్ను బకాయిలదీ ఇదే తీరు. ప్రభుత్వానికి చెల్లవలసిన జి.ఎస్.టి. ఎగవేసే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేస్తే అది చెల్లదని ఆ చట్టం చెబుతోంది. బకాయి సంగతి తెలియకుండా, తగిన ధర ఇచ్చి కొన్నవారికి మినహాయింపు ఉంది. పాత వ్యాట్ బకాయిలు కూడా ఆస్తిని వెంటాడవచ్చు. అమ్మే వర్తకుని రిటర్నుల స్థితి, బకాయి లేదన్న ధృవీకరణ అడగడం, రెండు పత్రికలలో అభ్యంతరాల కోసం న్యాయవాది ద్వారా ప్రకటన ఇవ్వడం ఇటువంటి బేరాలలో అదనపు జాగ్రత్త కాదు, కనీస జాగ్రత్త. ధర కూడా మార్కెట్టుకు దగ్గరగానే ఉండనివ్వడం కొనేవానికే క్షేమం.

ఆడపడుచుల సంతకాలు

పాత బజారు ఇళ్లలో తగవులు తెచ్చేది ఎక్కువగా ఇది. తాత ముత్తాతల నాటి ఉమ్మడి ఇంటిని అన్నదమ్ములు ముగ్గురూ కలిసి అమ్ముతారు. కుటుంబ కర్త సంతకం ఉంది, కుమారుల సంతకాలు ఉన్నాయి, అంతా సవ్యంగా కనిపిస్తుంది. అక్కచెల్లెళ్ల సంగతి అడిగితే "వాళ్లకు పెళ్లిళ్లు చేసి పంపాం, ఇవ్వవలసింది ఇచ్చాం" అంటారు.

ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ మాట 1985 సెప్టెంబరు 5 నుంచే ఆగవలసింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ ఆ తేదీ నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి పెళ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లయినవారు, కానివారు అన్న తేడా లేదు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని 2020 ఆగస్టు 11న సుప్రీం కోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన భాగపంపిణీలకు, అమ్మకాలకు మాత్రం ఈ సవరణ అడ్డు రాదు. నోటి మాటగా పంచుకొన్నామని చెప్పే పంపకాలను కోర్టులు అంత సులభంగా అంగీకరించవు.

తండ్రి స్వార్జితం అయితే లెక్క వేరు. ఆయన బతికి ఉండగా ఆయన ఒక్కరే అమ్మవచ్చు. వీలునామా లేకుండా పోతే భార్య, తల్లి, కుమారులు, కుమార్తెలు అందరూ వాటాదారులే. కనుక ఇల్లు ఎవరి సంపాదనో, ఎప్పటిదో ముందు తేల్చుకొని, కుటుంబ సభ్యుల ధృవపత్రం చూసి, ఆడపడుచులను దస్తావేజులో చేర్చడమో, రిజిస్టరయిన హక్కు విడుదల పత్రం తీసుకోవడమో చేయవలెను. బేరం కుదిరాక సంతకం కోసం వెళితే వాటా అడుగుతారని అమ్మకందారు భయం. ఆ భయం అతనిది. దానిని కొనేవాడు నెత్తికెత్తుకోవలసిన పని లేదు.

మైనరు పేరన విడిగా ఉన్న ఆస్తిని తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మరాదు. అమ్మితే ఆ పిల్లవాడు మేజరైన మూడేళ్లలోగా సవాలు చేయవచ్చు. గోదాము కింద, కాపురం మేడ మీద ఉండే ఇళ్లలో మరొక మెలిక. ఫర్ము డబ్బుతో కొన్న ఆస్తి ఫర్ముదే. ఒక్క భాగస్వామి సంతకంతో స్థిరాస్తి బదిలీ చేసే అధికారం 1932 నాటి భాగస్వామ్య చట్టం అతనికి ఇవ్వలేదు. విరమించిన భాగస్వాముల లెక్క తేలిందా, మరణించినవారి వారసులు ఏమంటున్నారు అన్నది పాత ఒప్పంద పత్రాలు తీయించి చూడవలెను.

అధికార పత్రం మీద అమ్మేవారి వద్ద, అధికారం ఇచ్చిన వ్యక్తి రిజిస్ట్రేషను నాడు సజీవంగా ఉన్నట్లు నమ్మకమైన రుజువు ఉండవలెను. ఆయన మరణంతోనే మామూలు అధికార పత్రానికి కాలం చెల్లుతుంది. జి.పి.ఏ., అగ్రిమెంటుల మీద చేతులు మారితే యాజమాన్యం రాదని 2011 అక్టోబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినా, ఆ కాగితాలతో ఇళ్లు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన కుమారుడు పంపిన అధికార పత్రమైతే, అది దేశంలోకి వచ్చిన మూడు నెలలలోగా స్టాంపు చేయించి ఉండవలెను. అమ్మేవారు విదేశాలలో నివసించేవారైతే మామూలుగా కోసే 1 శాతం పన్ను సరిపోదు. ఎక్కువ కోయవలసి ఉంటుంది. కోయకపోతే బాధ్యత కొన్నవాని మీద పడుతుంది.

ఫ్లాటు కొనేవారికి

హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో ఫ్లాట్ల మీద వర్తకుల మదుపు పెరుగుతున్నందున రెండు మూడు సంగతులు చెప్పుకోవలసి ఉంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లకు మించి గాని కట్టే ప్రాజెక్టు 2016 రేరా చట్టం కింద నమోదు కావలెను. రిజిస్టరు ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకొనే హక్కు బిల్డరుకు లేదు. "ప్రీలాంచి" పేరిట మొత్తం ముందే కడితే చదరపు అడుగుకు ఇంత తగ్గింపు అన్న ఆశలు ఈ నిబంధనకు విరుద్ధం. పంటే వేయని రైతుకు పూర్తి ధర చెల్లించే వర్తకుడు ఉండడు గదా!

అనుమతి పొందిన ప్లాను కంటె పైన వేసిన అంతస్తు, పార్కింగులో కట్టిన ఫ్లాటు కొంచెం చౌకగా వస్తాయి. వాటికి అప్పు దొరకదు, అమ్మబోతే కొనేవాడు దొరకడు. 2012 నాటి భవన నిబంధనల కింద బిల్డరు నిర్మాణంలో పదో వంతును స్థానిక సంస్థకు హామీగా ఉంచి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చాకనే విడిపించుకోవలెను. ఆ హామీలో ఉన్న ఫ్లాటేనా తమకు అంటగడుతున్నది అని చూసుకొనేవారు తక్కువ. దస్తావేజులో అవిభక్త స్థలం వాటా ఎన్ని చదరపు గజాలో స్పష్టంగా ఉండవలెను. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గి, ధర నిలిపేది ఆ గజాలే.

హైదరాబాదు చుట్టుపట్ల చెరువుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పదెకరాలు కాదు, పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువ వాటికి 9 మీటర్లు విడవాలని 2012 నిబంధనలలోనే ఉంది. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక గాని చాలామంది ఆ పటాలు తీసి చూడలేదు.

డబ్బు సర్దుబాటు

కాగితాలన్నీ సరిగా ఉన్నా, వ్యాపారాన్ని కుంగదీసి ఇల్లు కొన్నవారు ప్రతి కేంద్రంలోను ఉన్నారు. క్యాష్ క్రెడిట్ ఖాతా నుంచి బజానా చెక్కు రాయడంతో ఇది మొదలవుతుంది. ఆ ఖాతా పరిమితి సరుకు మీద, రావలసిన బాకీల మీద ఆధారపడినది. పాతిక లక్షలు ఇంటికి తరలితే ఆ మేరకు సరుకు గోదాములో ఉండదు, స్టాకు స్టేట్‌మెంటులో చూపడానికి ఉండదు. బ్యాంకు పరిమితి తగ్గిస్తుంది. అదే సమయానికి కొత్త పంట దిగి రైతుకు రొక్కం ఇవ్వవలసి వస్తుంది. దొరికిన వడ్డీకి బయట అప్పు తెచ్చి, ఆ సీజను లాభం వడ్డీకి ధారపోయడం తప్పదు. ఇంటికి ఇంటి అప్పే తీసుకొని, వ్యాపారపు సొమ్మును వ్యాపారంలో ఉంచడం లెక్కకు మేలు.

ఇంటి అప్పుకు కూడా లెక్క ఉంది. రు. 50 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకొంటే నెల వాయిదా దాదాపు రు. 45 వేలు, మొత్తం చెల్లించేది రు. 1 కోటి 8 లక్షలకు చేరువ. జీతగాడికి ప్రతి నెలా ఒకే రాబడి. కమీషన్ వ్యాపారికి నాలుగు నెలలు రాబడి, మిగతా కాలం ఎదురుచూపు. వాయిదా మాత్రం ఆషాఢంలోనూ ఆగదు. అందుచేత సీజనులో కనీసం ఆరు వాయిదాలకు సరిపడ మొత్తం వేరే ఖాతాలో నిలవ చేసుకోవడం, మిగులు ఉన్నప్పుడు అసలులో జమ వేయడం వర్తకులకు అనువైన మార్గం. చలన వడ్డీ మీద వ్యక్తులు తీసుకొన్న గృహ రుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది.

ఇంటి ధరకే డబ్బు సర్దుకొని, పై ఖర్చులు మరచిపోవడం మరొక సామాన్య పొరపాటు. రెండు రాష్ట్రాలలోను స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఇటీవలి సంవత్సరాలలో ఏడున్నర శాతం మేర పడుతోంది. రు. 80 లక్షల ఇంటికి ఇదే రు. 6 లక్షలు. ఆ మొత్తానికి బ్యాంకు సాధారణంగా అప్పు ఇవ్వదు.

ఇక రొక్కం సంగతి. స్థిరాస్తి బేరంలో రు. 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోరాదన్న నిబంధన 2015 జూన్ 1 నుంచి ఉంది. తీసుకొన్నవానిపై అంతే మొత్తం జరిమానా పడుతుంది. కొనేవానికి నష్టం మరొక దారిలో వస్తుంది. బేరం చెడినా, హక్కులో లోపం బయటపడినా, అతడు అడగగలిగేది దస్తావేజులో రాసిన మొత్తమే. చేతికిచ్చిన దానికి చిట్టా లేదు. ధర రు. 50 లక్షలు, ఆ పైన అయితే 1 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత 2013 జూన్ నుంచి కొనుగోలుదారుదే. భార్య పేరున కొనడం చట్టసమ్మతమే, డబ్బు వచ్చిన దారి చూపగలిగితే. గుమాస్తా పేరున కొంటే 2016లో కఠినతరమైన బినామీ చట్టం పరిధిలోకి వస్తుంది.

రిజిస్ట్రేషను అయిన వెంటనే మునిసిపల్ రికార్డులోను, కరెంటు మీటరులోను పేరు మార్పించుకోవడం వాయిదా వేయరాదు. అప్పు తీరిన నాడు కూడా ఒక పని మిగిలి ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, బాకీ పూర్తిగా తీరిన 30 రోజులలోగా బ్యాంకు అసలు పత్రాలు తిరిగి ఇవ్వవలెను. తన వల్ల ఆలస్యమైతే రోజుకు రు. 5 వేల చొప్పున పరిహారం చెల్లించవలెను. పత్రాలతోపాటు తనఖా విడుదల కూడా నమోదు చేయించి, తాజా ఇ.సి. తీసి దగ్గర ఉంచుకొంటే, తరువాత ఆ ఇంటిని కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.